ఫొటో అంచు మీది సంతకం

అన్యాయం ఎవరికి జరిగింది? ధర్మవరంలో రైలు పట్టాలు తనిఖీ చేసే కీమన్ ఏసుదాసు కూతురు పవిత్రకు జరిగింది. ఎలా జరిగింది? ఆమె ధర్మవరంలో నాలుగో తరగతి పిల్లలకు ఇంగ్లీషు పాఠం చెప్పుకుంటున్న రెండేళ్ల కాలంలో, ఆమె పేరుతో, ఆమె పుట్టిన తేదీతో, ఆమె డిగ్రీతో మరొక స్త్రీ థాయ్‌లాండ్‌లో ఉండి, అక్కడి చట్టాన్ని మీరి, పట్టుబడి, ఆ దేశం నుంచి వెళ్లగొట్టబడింది. ఆ తప్పు ఐదేళ్ల తరువాత పవిత్ర మెడకు చుట్టుకుంది. ఇంతవరకు చెప్పడం సులువే. ఎవరు చేశారన్న ప్రశ్న దగ్గరికి వచ్చేసరికే, ఒకప్పుడు పవిత్రకు ఇంగ్లీషు చెప్పిన కమలాక్షి ఆగిపోయింది.

2006 జూలై మొదటి ఆదివారం పొద్దున పది గంటలకు పవిత్ర పెనుకొండలో కమలాక్షి ఇంటి తలుపు తట్టింది. ఆ వేళకు చర్చిలో ఉండవలసిన పిల్ల గుమ్మంలో నిలబడిందంటేనే ఏదో జరిగిందని కమలాక్షికి తోచింది. ఏసుదాసు పెనుకొండ సెక్షన్లో పనిచేసిన రోజుల్లో పవిత్ర ఆమె దగ్గర ఇంటర్మీడియట్ ఇంగ్లీషు చదువుకుంది. తరువాత బి.ఏ., బి.ఇడి. ముగించి ధర్మవరంలో ఒక ప్రైవేటు కాన్వెంటులో టీచరుగా కుదురుకుంది. కమలాక్షి పెనుకొండ ప్రభుత్వ కాలేజీలో ముప్పై ఏళ్లుగా ఇంగ్లీషు లెక్చరరు. ఆ నెల ముప్పై ఒకటిన పదవీ విరమణ. భర్త నరసింహయ్య పోయి ఆరేళ్లయింది, పిల్లలు లేరు. ఆ ఇంటికి వచ్చేది పాత శిష్యులే.

“కూర్చో పాపా. మొగం అట్ల వాడిపోయిందేమి?”

“నాకు పాస్‌పోర్ట్ ఇయ్యరంట మేడమ్. నాకు ముందే ఒకటి ఉండాదంట.”

“నీకా? ఎప్పుడు తీసుకున్నావు?”

“అదే నేను వాళ్లను అడగతాండా. నేను తిరుపతి దాటి యాడికీ పోలేదు. వాళ్లేమో బ్యాంకాకు పోయొచ్చినావంటాండారు.”

కమలాక్షి నవ్వబోయింది. పవిత్ర నవ్వలేదు. సంచిలో నుంచి ఒక నోటీసు తీసి ఇచ్చింది. పాస్‌పోర్ట్ ఆఫీసు వాళ్ల భాష పొడిగా, స్పష్టంగా ఉంది. తమరి పేరు మీద 1999లో పాస్‌పోర్ట్ జారీ అయింది. దాని మీద తమరు థాయ్‌లాండ్ వెళ్లి, టీచరుగా అనుమతి పొంది, అనుమతిలో లేని పని చేస్తూ 2001లో పట్టుబడి, నిర్బంధంలో ఉండి, తిరిగి పంపబడ్డారు. ఆ సంగతి దాచిపెట్టి మళ్లీ దరఖాస్తు చేశారు. ఇది శిక్షార్హమైన నేరం. ఈ నెల ఇరవై నాలుగులోగా సంజాయిషీ ఇవ్వకపోతే కేసు పెట్టబడుతుంది.

“ఆ రెండేండ్లూ నేను స్కూల్లో సంతకం పెట్టిన హాజరు పుస్తకం చూపిస్తి మేడమ్. ప్రైవేటు స్కూలు పుస్తకం ఎట్లన్నా రాసుకోవచ్చు, చెల్లదు అనె ఆ పోలీసాయన. మొన్న స్కూలుకే వచ్చినాడు. క్లాసులోకి వచ్చి, పిల్లోళ్ల ముందర, ‘పవిత్ర అంటే నువ్వేనా, ఏ పవిత్రవు?’ అనె. కరెస్పాండెంటు నన్ను పిలిచి, ఇది తేలేదాకా ఇంట్లో ఉండమ్మా అన్నాడు.”

ఆమె ఇంకొక కాగితం తీసింది. అది థాయ్‌లాండ్ ఉత్తరాన ఒక పట్టణంలోని బడి నుంచి వచ్చిన ఉద్యోగ పత్రం. నవంబరులో చేరాలి. టూరిస్టు వీసా మీద వచ్చి పాఠం చెప్పడం నేరమనీ, ఉద్యోగానికి వేరే వీసా చెన్నైలోని కాన్సులేటులో తీసుకోవాలనీ, బడి తరఫున పని అనుమతి తామే తీసుకుంటామనీ, డిగ్రీ అసలు ప్రతి చూపించాలనీ అందులో వరుసగా రాసి ఉంది. ఒక్కొక్క నియమం పక్కన పవిత్ర పెన్సిలుతో సన్నగా టిక్కు పెట్టుకుంది. ఒక్క పాస్‌పోర్ట్ పక్కన మాత్రం ఏమీ లేదు.

“నోటీసుతో పాటు ఆ పాత దరఖాస్తు జిరాక్సు పంపించినారు. చూడండి మేడమ్, ఈమె ఎవరో నాకు తెలీదు.”

ఫొటోలో ఎత్తు చెంపలు, లోతు కళ్లున్న ఒక స్త్రీ ఉంది. ఫొటో అంచు మీద, సగం ఫొటోకూ సగం కాగితానికీ, ఒక పొట్టి సంతకం. రెండు గీతలు, కింద ఒక చుక్క. దాని మీద అలుక్కుపోయిన గుండ్రటి సీలు.

కాలేజీ పుస్తకాల్లో కమలాక్షి నిండుగా పేరు రాసేది. సర్టిఫికెట్ల నకళ్లను ధ్రువపరిచేటప్పుడు మాత్రం రెండు గీతలు గీసి చుక్క పెట్టేది. శిష్యురాలికి ఆ పొట్టి సంతకం తెలిసే అవకాశం లేదు.

“ఈమె నేనే అని ఎవరో గెజిటెడ్ ఆఫీసరు సంతకం చేసినారు మేడమ్. సీల్లో ఊరి పేరు ఒక్కటే కొంచెం కనపడతాది. పెనుకొండే. ఈడ ఆఫీసర్లంతా మీకు తెలిసినోళ్లు కదా. ఇది ఎవరిదో మీరే కనుక్కోవల్ల. ఆయప్ప వచ్చి ‘నేను చూడకుండా పెట్టినా’ అని ఒక్క మాట చెప్తే నేను బయటపడతా.”

కమలాక్షి కళ్లద్దాలు తీసి కొంగుతో తుడిచింది. మళ్లీ పెట్టుకుంది. “చూస్తాలే” అంది.

పవిత్ర వెళ్లిపోయాక ఆ మాట ఇంట్లోనే ఉండిపోయినట్టనిపించింది.

జ్ఞాపకం రావడానికి పెద్ద శ్రమ పడనక్కర లేకపోయింది. కృష్ణకాంత్ ఆమెకు చిన్నమ్మ కొడుకు. హిందూపురంలో విదేశాలకు టీచర్లను పంపే ఆఫీసు తెరిచిన కొత్తలో, ప్రతి ఆదివారం మధ్యాహ్నం ఒక మిఠాయి పొట్లం, ఒక కట్ట కాగితాలు పట్టుకుని అక్క ఇంటికి వచ్చేవాడు. ఇంట్లో గెజిటెడ్ అక్క ఉండగా బయటివాళ్లను అడుక్కోవడమేమిటని వాళ్ల కుటుంబంలో అందరికీ అభిప్రాయం. పెళ్లిళ్లకు పెద్ద పాత్రలు అరువిచ్చినట్టు ఆమె తన సంతకాన్ని బంధువులకు ఇస్తూ ఉండేది. కృష్ణకాంత్ ఆ కాగితాలను భోజనాల బల్ల మీద మెట్లు మెట్లుగా పరిచేవాడు. ఒకదాని మీద ఒకటి, ప్రతి కాగితంలోనూ సంతకం పెట్టవలసిన రెండంగుళాల చోటు మాత్రం బయటికి కనిపించేలా. “నీకు తిప్పే పని కూడా లేకుండా చేసినా చూడక్కా” అనేవాడు. ఆకుపచ్చ సిరా పెన్నుతో ఆమె పై నుంచి కిందికి, ఇంటి ముందు ముగ్గు చుక్కలు పెట్టినంత సులువుగా, గీతలు గీసుకుంటూ పోయేది. వెనక అతను సీలు వేసుకుంటూ వచ్చేవాడు. ఫొటోలున్న కాగితాల్లో ఆమెకు ఒక భుజం, ఒక చీర అంచు కనిపించేవి. ముఖం పై కాగితం కింద ఉండేది.

పవిత్ర ముఖం ఆమెకు రెండేళ్లు బెంచీ మీద ఎదురుగా కనిపించిన ముఖం. పై కాగితం అరచెయ్యంత పక్కకు జరిపి ఉంటే చాలు.

అంతకంటె బరువైన సంగతి ఇంకొకటి ఉంది. 1999లో పవిత్రను హిందూపురం పంపించింది ఆమే. “మా తమ్ముడు ఉన్నాడు, పోయి కలువు, నీ ఇంగ్లీషుకు ఈడ వెయ్యి రూపాయలిస్తారు, ఆడ గౌరవం కూడా ఇస్తారు” అని చెప్పి పంపించింది. పవిత్ర అతనికి డిగ్రీ కాగితాలు ఇచ్చి, ప్రయాణం కుదరక కొన్ని నెలలకు వాపసు తెచ్చుకుంది; చేతికి తిరిగి వచ్చాయి కనుక ఆమెకు అనుమానం రాలేదు.

మరునాడు కాలేజీకి సెలవు పెట్టి ఆమె హిందూపురం బస్సెక్కింది. పట్టుగూళ్ల మార్కెట్టు రోడ్డులో ఉడికిన పురుగుల వాసన గాలిలో ఆగిపోయి ఉంది. కృష్ణకాంత్ ఆఫీసు ఇప్పుడు మూడంతస్తులు.

“ఏమక్కా, ఫోన్ చేసింటే కారు పంపిస్తాంటి కదా! రిటైరయ్యే మనిషివి, ఇంగా కండక్టరుతో చిల్లరకు కొట్లాడుకుంటాండావా?”

ఆమె జిరాక్సు బల్ల మీద పెట్టింది. “ఈమె ఎవరు కృష్ణా?”

అతను వంగి చూశాడు. ఆశ్చర్యపోలేదు. “ఓబులదేవరచెరువు మనిషి. తిమ్మక్క. పాత కథ అది. ఇప్పుడేమైంది?”

ఆమె చెప్పింది. అతను వింటూనే బాదం పాలు తెప్పించాడు.

“ఆడి చట్టం అట్లుంటాదక్కా. టీచరుకైతే పర్మిట్ ఇస్తారు. గుడ్డలుతికే పనికి మనలాంటోళ్లకు ఇయ్యరు. ఒక బడికి ఆయా కావాల్సొచ్చె. టీచరు కాగితం మీద ఆయాను పంపిస్తిమి. అందరూ చేసే పనే. ఆ పిల్ల డిగ్రీ నా బీరువాలో ఊరికే పడుండె.”

“ఊరికే పడిలేదు. ఇయ్యమంటే నాలుగు నెలలు తిప్పినావు.”

“ఏం చేసేది? ఆ పిల్లేమో నాకే పాఠం చెప్పె. టూరిస్టు వీసా మీద పోయి పనిచేసేది తప్పు, ముందు పర్మిట్ చూపించు, నా పేరుతో బడి రాసిచ్చిన కాగితం చూపించు, అని. నా ఆఫీసులో నిలబడి! సరే తల్లీ, నువ్వు పోవద్దులే అంటి. కాగితాలు మాత్రం యాల వేస్టు చేసేది?”

నియమం ప్రకారం నడుస్తానన్నందుకే ఆ పిల్ల పేరు పోయిందని కమలాక్షికి అప్పుడు తెలిసింది.

“నేను పోయి చెప్తా కృష్ణా. చూడకుండా పెట్టినానని రాసిస్తా.”

“రాసియ్యి. నేను వద్దంటినా? ముప్పై ఒకటి దాటనీ. సన్మానం అయిపోనీ, శాలువా కప్పనీ, పెన్షన్ కాగితాలు కదలనీ. కేసు మధ్యలో రిటైరైతే ఏమౌతుందో నాకంటే నీకే బాగా తెలుసు.”

“ఆ పిల్లకు వాయిదా ఇరవై నాలుగు.”

“వారమే కదా తేడా. ఆ వారం ఆ పిల్లకు మంచిది కాదు. అంతే.”

అతను లేచి, బీరువా తెరిచి, ఒక అట్ట ఫైలు తెచ్చి ఆమె ముందు మెల్లగా తెరిచాడు. అందులో ఏడెనిమిది తెల్ల కాగితాలున్నాయి. పై నుంచి కింది దాకా ఖాళీ. అడుగున ఆకుపచ్చ సిరాతో రెండు గీతలు, ఒక చుక్క, సీలు.

“మెట్లలో అప్పుడప్పుడు ఇవి కూడా పరిచేవాణ్ని. అవసరానికి పనికొస్తాయని. నువ్వు తిప్పి చూసే మనిషివి కాదు కదా.” అతని గొంతులో కోపం లేదు, అదే ఆమెను భయపెట్టింది. “వీటి పైన ఏం రాయల్లనో నేనింగా అనుకోలేదక్కా. పాలు తాగు, చల్లారిపోతాండాయి.”

ఆ సాయంత్రం నుంచి పెనుకొండలో ఆమె ఇంటి ఎదుట ఒక తెల్ల జీపు నిలబడడం మొదలైంది. డ్రైవరు మర్యాదస్తుడు. ఆమె కాలేజీకి బయలుదేరినప్పుడు నమస్కారం పెట్టేవాడు, తిరిగివచ్చినప్పుడు మళ్లీ పెట్టేవాడు. ఎవరి కోసం ఉన్నావని అడిగితే “అన్న ఉండమన్నాడమ్మా” అనేవాడు. పాలవాడు జీపును చూసి, “ఏమమ్మా, రిటైరైతే ప్రమోషన్ ఇచ్చినారా, గవర్నమెంటు బండి పెట్టినారే” అని నవ్వాడు. స్టాఫ్ రూములో సన్మానానికి చందాలు వసూలవుతున్నాయి. శాలువా రంగు ఆమెనే అడిగారు. పవిత్ర రెండుసార్లు ఫోన్ చేసింది. “ఏమన్నా తెలిసిందా మేడమ్?” ఇంకా లేదని కమలాక్షి రెండుసార్లూ చెప్పింది. ఆ అబద్ధం రెండోసారి మొదటిసారి కంటె సులువుగా వచ్చింది. అది ఆమె గమనించింది.

పదహారో తేదీ ఆదివారం ఆమె వెనక వాకిలి నుంచి బయటికి నడిచి, గోరంట్ల మీదుగా ఓబులదేవరచెరువు వెళ్లింది. విత్తనాల రోజులు. ఊరి చివర ఒక రేకుల ఇంటి నీడలో ముగ్గురు ఆడవాళ్లు కూర్చుని శెనక్కాయలు ఒలుస్తున్నారు. ముగ్గురూ తలలు వంచుకుని ఉన్నారు. ఎవరు తిమ్మక్క అని అడగవలసిన చోట కమలాక్షి, ఎందుకో తనకే తెలియకుండా, “పవిత్రా” అని పిలిచింది.

మధ్యలో ఉన్నామె చప్పున తలెత్తి చూసింది.

ఆ ఎత్తు చెంపలు, ఆ లోతు కళ్లు. చేతిలోని కాయ కింద పడింది. పక్కనున్న ఇద్దరూ ఆశ్చర్యంగా ఆమె వైపు చూశారు.

“ఆ పేరు నీకెవరు చెప్పిరమ్మా?” అంది తిమ్మక్క. లేచి వచ్చి, కమలాక్షిని చేయిపట్టుకుని ఇంటి వెనక్కి తీసుకుపోయింది. “పోలీసోళ్లా?”

“కాదు. నీ ఫొటో మీద, ఈమే పవిత్ర అని సంతకం పెట్టింది నేను.”

తిమ్మక్క ఆమెను పై నుంచి కింది దాకా చూసింది. “నన్నెప్పుడు చూసినావని పెట్టినావు?”

“చూడలేదు.”

“ఊ” అంది తిమ్మక్క. అక్కడే గోడకు ఆనుకుని కూర్చుంది. తరువాత తానుగానే చెప్పసాగింది. “నాకు సదువు ల్యాదు. ఆయా పని, జీతం బాగుంటాది అని కృష్ణకాంతప్ప పంపించె. విమానం ఎక్కేముందర చెప్పె, నీ పేరు పవిత్ర, ఇంగ యెవరు పిలిచినా పలకల్ల అని. ఆడ మేనేజరు దగ్గర నీలం పుస్తకం ఒకటి ఉండె. అది నా పర్మిటంట. అందులో నేను టీచరమ్మను. వంటింటెనక మూడొందల మంది పిల్లోళ్ల గుడ్డలుతికేదాన్ని. రెండేండ్లు. ఒకరోజు ఆఫీసర్లొచ్చిరి. పుస్తకంలో ఏం పని రాసుంటే ఆ పనే చేస్తా కనపడల్లంట. నేను బొక్కెన కాడ ఉంటి. నన్ను క్లాసులోకి తీసకపోయి, సుద్దముక్క చేతిలో పెట్టి, బోర్డు చూపిచ్చిరి. నాకు నా పేరే రాయను రాదు. ఆయమ్మ పేరు యాడ రాసేది?”

కమలాక్షి ఆమె పక్కన నేల మీద కూర్చుంది.

“లాకప్పులో రెండు నెల్ల పైన ఉంచిరి. పది వేళ్లూ సిరాలో ముంచి ముద్రలు తీసుకుండిరి. ఆడ గూడా పవిత్రా అనే పిలుస్తాన్నారు. ఇంటికొచ్చినాక ఐదేండ్లాయె. ఇప్పటికీ ఎవరన్నా ఆ పేరంటే తల ఆ పక్కకే తిరుగుతాది, ఇప్పుడు నువ్వే చూస్తివి కదా.” ఆగి, గొంతు తగ్గించి అడిగింది. “ఆయమ్మ చచ్చిపోయిందంట కదా?”

“ఎవరు చెప్పినారు?”

“కృష్ణకాంతప్పే. చచ్చిపోయినామె కాగితాలు, యెవరికీ నష్టం ల్యాదు అనె.”

“బతికే ఉండాది. ధర్మవరంలో. నువ్వు చేసినదానికి ఆమె మీద కేసు పెడతాండారు. జరిగిందంతా నేను పోలీసులకు రాసిస్తా.”

తిమ్మక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. “నా పేరు గూడా రాస్తావా నువ్వు?” అంది.

“రాయాల. నిన్ను మోసం చేసినారని రాస్తా. కానీ నీకేం కాదని మాత్రం చెప్పలేను. జైలుకు పంపినా పంపొచ్చు.”

“రాసుకో” అంది తిమ్మక్క. “తిమ్మక్క అని రాసుకో. వాళ్ల దస్త్రంలో ఒక్కతూరన్నా నా పేరుండనీ.”

ఇరవై మూడో తేదీ సాయంత్రం కమలాక్షి ధర్మవరం రైల్వే క్వార్టర్సుకు వెళ్లింది. పదిహేనేళ్లుగా పవిత్రను పాపా అని పిలుస్తూ వచ్చినా ఆ ఇంటి గడప తొక్కడం అదే మొదటిసారి. పవిత్ర తల్లి గోవిందమ్మ గ్లాసుతో నీళ్లు తెచ్చి, ఇవ్వాలా వద్దా అన్నట్టు నిలబడింది. కమలాక్షి చేయి చాచలేదు.

“ముందు నేను చెప్పేది వినండి. విన్నాక ఇయ్యాలనిపిస్తే ఇయ్యండి” అని, నిలబడే అంతా చెప్పింది. మిఠాయి పొట్లం, మెట్లు, ఫొటో అంచు, తెల్ల కాగితాలు, తిమ్మక్క. దేన్నీ తగ్గించి చెప్పలేదు.

ఏసుదాసు మంచం మీద కూర్చుని వింటున్నాడు. ముందుగా మాట్లాడింది అతనే. “నేను ఏడో క్లాసు సదివినానమ్మా. పొద్దున్నే ఆరు కిలోమీటర్లు పట్టాలెంబడి నడుస్తా. బోల్టు బోల్టూ సుత్తితో కొట్టి చూసి, అప్పుడు పెడతా సంతకం. చూడకుండా ఒక్క పొద్దు పెట్టినా రైలు పడతాది. ఇంత సదువుకున్నారు, మీకు యెవరూ చెప్పలేదా?”



“ఫొటో చూసినారా మేడమ్, ఆ పొద్దు?” అంది పవిత్ర.

“చూడలేదు. అంచు చూసినా.”

“చూసింటే?”

“నువ్వు కాదని తెలిసేది.”

“మొన్న మీ ఇంటికి వచ్చిన పొద్దే సంతకం గుర్తుపట్టినారు కదా?”

“పట్టినా.”

“మూడు వారాలు మేడమ్.” పవిత్ర గొంతు పెరగలేదు. “మూడు వారాలు మాయమ్మ పొయ్యి సరిగా ముట్టించలేదు. నేను రెండుసార్లు ఫోన్ చేస్తి. ఇంగా తెలీదంటిరి. ఆ పోలీసాయన క్లాసులోకి వచ్చి పిల్లోళ్ల ముందర అడిగితే గూడా నాకు ఇంత బాధ కాలేదు.”

“భయపడినా” అంది కమలాక్షి. అంతకంటె నిజమైన మాట ఆమెకు దొరకలేదు. సంచిలో నుంచి నోటరీ చేయించిన వాంగ్మూలం తీసి చదివింది. ఆ ఫొటో పవిత్రది కాదనీ, తాను అసలు ప్రతిని గాని మనిషిని గాని చూడకుండా సంతకం చేశాననీ, 1998 నుంచి మూడేళ్ల పాటు కృష్ణకాంత్ తెచ్చిన ప్రతి కాగితం మీదా అలాగే చేశాననీ, కనుక ఆ కాలంలో అతని ఆఫీసు నుంచి వెళ్లిన తన సంతకం దేన్నీ నమ్మవద్దనీ, మళ్లీ తనిఖీ చేయాలనీ అందులో ఉంది.

“ఇది రేపు ఇస్తే మీ పెన్షనూ, మీ సన్మానమూ?” అంది పవిత్ర.

“అది నువ్వు ఆలోచించే పని కాదు.”

గోవిందమ్మ ఇంతసేపూ గ్లాసు పట్టుకునే ఉంది. దాన్ని కిటికీలో పెట్టేసి లోపలికి వెళ్లిపోయింది. కమలాక్షి నీళ్లు తాగకుండానే రైలెక్కింది.

ఇరవై నాలుగున వాంగ్మూలం పోలీసులకూ పాస్‌పోర్ట్ ఆఫీసుకూ చేరింది. పవిత్ర మీద పెట్టబోయిన కేసు ఆగింది. ఇరవై ఏడున కమలాక్షిని సస్పెండ్ చేశారు. శాలువా కొన్నవాళ్లు దాన్ని ఏం చేయాలో తెలియక ప్యూను చేత ఇంటికి పంపించారు. ఆమె తిరిగి పంపించేసింది. ఇంటి ఎదుట జీపు ఆ రోజే మాయమైంది.

తెల్ల కాగితాల పైన ఏం రాయాలో కృష్ణకాంత్‌కు ఆగస్టులో తోచింది. అరెస్టయ్యేముందు అతను విచారణాధికారికి ఒక ఉత్తరం అందజేశాడు. ప్రతి అభ్యర్థికీ ఇంతని అతని దగ్గర వాటా తీసుకున్నానని కమలాక్షే రాసినట్టుగా అందులో ఉంది. అడుగున ఆమె సంతకం, సీలు.

“ఈ సంతకం మీదేనా?” అన్నాడు విచారణాధికారి.

“నాదే.”

“అయితే ఇందులో రాసింది ఒప్పుకున్నట్టే కదా?”

“పైన రాసింది నాది కాదు. కింద సంతకం నాదే. ఖాళీ కాగితం మీద పెట్టినాను. అది కాదంటే పవిత్ర విషయంలో చెప్పిందీ అబద్ధమౌతుంది. కాబట్టి కాదనను.”

ఆమె లాయరు తల పట్టుకున్నాడు. సంతకం ఫోర్జరీ అని ఒక్క మాట అంటే సగం శిక్ష తప్పుతుందని అతను ముందే చెప్పి ఉన్నాడు. వాటా ఆరోపణ చివరికి నిలవలేదు గాని, గ్రాట్యుటీ పోయింది, పెన్షనులో నాలుగో వంతు శాశ్వతంగా తెగింది. ఆమె అప్పీలు చేయలేదు.

పాత పాస్‌పోర్ట్ రద్దయింది. కొత్తది పవిత్రకు అక్టోబరులో వచ్చింది. అయినా పని పూర్తికాలేదు. థాయ్‌లాండ్ వారి నిషేధపు జాబితాలో ఆ పేరు, ఆ పుట్టిన తేదీ అలాగే ఉన్నాయి. ఈ దేశంలో ఎవరు క్షమించినా ఆ జాబితా కరగదు. నవంబరు దాటిపోయింది. బడివాళ్లు మే నెల దాకా చూస్తామన్నారు. కమలాక్షి ఓబులదేవరచెరువు వెళ్లి తిమ్మక్కను వెంటబెట్టుకుని మూడుసార్లు చెన్నై వెళ్లింది. కేసులో తిమ్మక్కను సాక్షిగా తీసుకున్నారు. జైలు భయం ఇంకా పూర్తిగా తొలగలేదు. అయినా ఆమె కాన్సులేటు ఇచ్చిన కాగితం మీద పది వేళ్లూ ముద్రించింది. 2001లో నిర్బంధంలో తీసిన ముద్రలతో వాటిని పోల్చి చూడమని వాళ్లు బ్యాంకాకు పంపారు. మూడో ప్రయాణంలో రైల్లో తిమ్మక్క, “నన్నింగ ఆ దేశం రానీరు కదా?” అంది. రానీరని కమలాక్షి చెప్పింది. “పోనీలే, నాకేం పనుండాది ఆడ” అని తిమ్మక్క సీటు మీద కాళ్లు ముడుచుకుని నిద్రపోయింది.

మార్చి ఆఖరున సమాధానం వచ్చింది. ముద్రలు కలిశాయి. నిషేధం తిమ్మక్క పేరుకు మారింది. పవిత్ర పేరు జాబితా నుంచి తీసివేయబడింది.

ఏప్రిల్ మూడో వారంలో పవిత్ర పెనుకొండ వచ్చింది. చెన్నైలో వీసా తీసుకుని, ధర్మవరం ఇంటికి పోకముందే అక్కడ దిగింది. కుర్చీలో కూర్చోకుండానే పాస్‌పోర్ట్ తెరిచి కమలాక్షి చేతికిచ్చింది. వీసా పేజీ మీద ఉద్యోగానికి ఇచ్చే ముద్ర ఉంది. కమలాక్షి మొదటి పేజీ నుంచి మొదలుపెట్టింది. ఫొటో చూసింది, తలెత్తి ఎదుట ఉన్న ముఖాన్ని చూసింది, మళ్లీ ఫొటో చూసింది. పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, వీసా గడువు ఒక్కొక్కటీ చదివి మూసి ఇచ్చింది.

“అంతా సరిగా ఉండాది” అంది.

“వచ్చే నెల పదో తేదీ ప్రయాణం మేడమ్.” పవిత్ర పాస్‌పోర్ట్ సంచిలో పెట్టుకుంది. గడప దాకా వెళ్లి ఆగింది. ముఖం ఇంకా బిగుసుకునే ఉంది. “మా నాయన అడిగి రమ్మన్నాడు, మీకు మేమేమన్నా ఇయ్యాల్నా అని. చెన్నై ఖర్చులు అవీ.”

“మీరు నాకేమీ ఇయ్యాల్సింది లేదు.”

“నేనూ అదే చెప్తి.” కమలాక్షి కళ్లలోకి సూటిగా చూసింది. “మీ మీద నాకు కోపం ఇంగా పోలేదు మేడమ్. పోతాదో లేదో గూడా తెలీదు. కానీ మీరు నాకు ఇయ్యాల్సింది మొత్తం ఇచ్చేసినారు. బాకీ ఏమీ లేదు.”